నల్లగా ఉన్నా కళగా ఉంది: అందం గురించి కతోలిక విశ్వాసం ఏమంటుంది?

మా వైపు పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినవాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే చెప్పే మొదటి సంగతి పిల్ల రంగు. తెల్లగా ఉంటే ఆ ఒక్క మాటతో సరి. చామనఛాయ అయితే గొంతు కాస్త తగ్గుతుంది. నలుపైతే ఒక వాక్యం సిద్ధంగా ఉంటుంది. మా పెద్దమ్మ నోట దాన్ని పదిసార్లైనా విని ఉంటాను: "పిల్ల నల్లగా ఉన్నా కళగా ఉందే." మేము ఆర్.సి.ఎం. వాళ్ళం, అంటే రోమన్ కతోలికులం, ఆదివారం పూజ తప్పనివాళ్ళం. అయినా చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివే దాకా మా ఇళ్ళలో నడిచే తతంగానికీ పక్కింటివాళ్ళ తతంగానికీ తేడా ఏమీ ఉండదు.

పెద్దమ్మ వాక్యంలో రెండు మాటల దగ్గర నేను ఆగిపోతాను. ఒకటి ‘ఉన్నా’. రెండోది ‘కళ’. మొదటిది తప్పు మాట అని, రెండోది మాత్రం ఏడున్నర శతాబ్దాల కిందట ఒక పునీతుడు లాటిన్‌లో రాసిన మాటకి అచ్చమైన తెలుగు అని నాకనిపిస్తుంది. ఆవిడకి ఆ సంగతి తెలియదు, పాపం.

ముందు ‘ఉన్నా’ సంగతి చూద్దాం. ఈ మాట పెద్దమ్మ కనిపెట్టింది కాదు. బైబిల్లో పరమగీతం మొదటి అధ్యాయంలో ఒక అమ్మాయి తన రంగు గురించి తానే చెప్పుకుంటుంది. నేను నల్లనిదాన్ని, అందగత్తెను అంటుంది. ఆ రెండింటినీ కలిపేది హీబ్రూలో ఒక్క అక్షరం. దాన్ని ‘మరియు’ అనుకోవచ్చు, ‘అయినా’ అనీ అనుకోవచ్చు. పాతకాలపు గ్రీకు అనువాదకులు ‘మరియు’ అనే అర్థంలోనే తీసుకున్నారు. నాలుగో శతాబ్దం చివర్లో పునీత జెరోము లాటిన్‌లోకి మార్చేటప్పుడు ‘సెద్’ అని రాశారు. అంటే ‘కానీ’. నల్లనిదాన్ని, కానీ అందగత్తెను. పశ్చిమ ఐరోపా వెయ్యేళ్ళకు పైగా చదువుకున్నది ఈ లాటిన్ వాక్యాన్నే. ఒక్క చిన్న మాటతో నలుపు క్షమాపణ చెప్పుకోవాల్సిన విషయం అయిపోయింది.

తరువాతి వచనంలో ఆ అమ్మాయి తన రంగుకి కారణం కూడా చెబుతుంది. అన్నలు ద్రాక్షతోటల కాపలాకి పంపారట, ఎండకి ఇలా కమిలిపోయానట, అలా గుచ్చి గుచ్చి చూడకండి అంటుంది. మిరపచేలో ఏరుడు పనికి వెళ్ళొచ్చే ఆడపిల్లని చూసినవాళ్ళకి దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక రంగు సంగతి ఎత్తగానే చర్చిలో వినిపించే జవాబు ఒకటుంది. "దేవుడు హృదయాన్ని చూస్తాడు, పై అందం మాయ, లోపలి అందమే అందం." యువతకి పెట్టే ధ్యానకూటాల్లో ఈ ముక్క లేకుండా ప్రసంగం ముగియదు. ఇది సగం నిజం. ఆ మిగతా సగం వదిలేయడం వల్లే పిల్లలు ఆ మాట విని బుద్ధిగా తలూపి, ఇంటికెళ్ళి ఫోన్లో ఫిల్టరు పెట్టుకుంటారు.

ఆ మాట వచ్చింది సమూవేలు గ్రంథంలోంచి. యిషాయి కొడుకుల్లో ఒకరిని రాజుగా అభిషేకించమని దేవుడు సమూవేలును పంపిస్తాడు. పెద్దవాడు ఎలియాబు ఎత్తరి, చూడ్డానికి రాజులాగే ఉన్నాడు. సమూవేలు వాడే అనుకుంటాడు. రూపాన్నీ ఎత్తునీ చూడకు, మనుషులు పైరూపు చూస్తారు, నేను హృదయం చూస్తాను అంటాడు దేవుడు. ప్రసంగం ఇక్కడ ఆగిపోతుంది. బైబిలు మాత్రం ఆగదు. అయిదు వచనాలు దాటగానే చిన్నవాడు దావీదు గొర్రెల దగ్గరి నుంచి వస్తాడు. ఎర్రగా, చక్కని కళ్ళతో, చూడముచ్చటగా ఉన్నాడని గ్రంథకర్త ముచ్చటపడి మరీ రాశాడు! హృదయం చూసే దేవుడు ఎన్నుకున్నవాడికి కళ్ళు కూడా బాగున్నాయని చెప్పకుండా ఉండలేకపోయాడు ఆయన.

కతోలికుల బైబిల్లో ఉండి, ప్రొటెస్టంట్ల బైబిల్లో లేని యూదితు గ్రంథం ఇంకో అడుగు ముందుకేస్తుంది. శత్రు సేనాధిపతి గుడారానికి బయల్దేరే ముందు యూదితు స్నానం చేసి, అత్తరు రాసుకుని, తల దువ్వుకుని, ఉన్న నగలన్నీ పెట్టుకుంటుంది. ఆ సింగారం కాముకత్వంతో చేసుకున్నది కాదు గనుక దేవుడే ఆమె అందాన్ని ఇంకా పెంచాడని లాటిన్ పాఠంలో ఒక వాక్యం అదనంగా ఉంది. అందం మాయ అనుకునే మతంలో ఈ వాక్యం పుట్టేది కాదు.

శరీరాన్ని చెడ్డదిగా చూడటం శ్రీసభకి, అంటే కతోలిక సంఘానికి, పరాయి ఆలోచన. ఆ ఆలోచనతో శ్రీసభ పోరాడింది కూడా. పునీత అగుస్తీను (354–430) క్రైస్తవుడు కాకముందు తొమ్మిదేళ్ళ పాటు మనికేయుల మతంలో ఉన్నారు. వాళ్ళ లెక్కలో పదార్థం చీకటి సొత్తు, ఒళ్ళు ఒక చెర. దాన్ని వదిలి బయటికొచ్చాక ఆయన జీవితమంతా వాళ్ళకి జవాబు చెబుతూనే ఉన్నారు. దేవుడే శరీరం ధరించాడని నమ్మేవాళ్ళు, విశ్వాస సంగ్రహంలో ప్రతి వారం ‘శరీరము యొక్క ఉత్థానము’ (చనిపోయిన ఒళ్ళు తిరిగి లేవడం) అని చెప్పేవాళ్ళు ఒంటిని తీసిపారేయలేరు. ఆదికాండంలో దేవుడు తాను చేసినదంతా చూసి చాలా బాగుందనుకున్న చోట, గ్రీకు అనువాదంలో వాడిన మాటకి మంచి అనీ అందం అనీ రెండర్థాలూ ఉన్నాయి. మన ‘బాగుంది’ కూడా అంతే కదా. పప్పు బాగుంది, పిల్ల బాగుంది, ఆయన చేసిన పని బాగుంది.

అయితే అందం ఎక్కడుంది? ఒంట్లోనా, మనసులోనా? ఇక్కడికే పునీత తోమాసు అక్వినాసు (1225–1274) వస్తారు. ఆయన అందం మీద విడిగా పుస్తకమేమీ రాయలేదు. తండ్రి, సుతుడు, పవిత్రాత్మ ముగ్గురూ ఒక్క దేవుడేననే త్రిత్వం గురించి చెబుతూ, సుతునికి, అంటే క్రీస్తుకి, ‘సౌందర్యం’ అన్న పేరు ఎందుకు తగునో వివరించే సందర్భంలో, దారిలో పోతూ అన్నట్టు మూడు లక్షణాలు చెప్పారు. ఒకటి ‘ఇంతెగ్రితాస్’, లోటు లేకపోవడం. రెండోది ‘ప్రొపోర్తియో’, పొందిక. మూడోది ‘క్లారితాస్’.

పొందిక గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కనుముక్కు తీరు అన్న మాటలోనే అది ఉంది. క్లారితాస్ దగ్గరే వ్యాఖ్యాతలు తంటాలు పడతారు. వెలుగు అంటారు, తేజస్సు అంటారు, స్పష్టత అంటారు. తెలుగువాళ్ళకి ఆ ఇబ్బంది అక్కర్లేదు. దాన్ని మనం కళ అంటాం. పెళ్ళి కుదిరిన పిల్ల ముఖంలో వచ్చేది పెళ్ళికళ. జ్వరం తగిలితే ముఖంలో కళ తప్పుతుంది. పిల్లలు ఊరి నుంచి వస్తే ఇల్లు కళకళలాడుతుంది. ముక్కూ మూతీ మారకుండానే కళ వస్తుంది, పోతుంది. కొలవలేం, ఫలానా చోట ఉందని చూపించలేం. కానీ కనిపిస్తుంది, అది ముఖ్యం. మనసులో దాక్కుని ఉండిపోయేదాన్ని ఎవరూ కళ అనరు. లోపలిది ఒంటి మీదకి వస్తేనే కళ.

తెలుపు పక్షం వాళ్ళు ఇక్కడ అక్వినాసును తమ వైపు లాక్కోవచ్చు. క్లారితాస్‌కి ఉదాహరణగా ఆయన చెప్పింది రంగే. అయితే ఆయన వాడిన విశేషణం ‘నితిదుం’. దానర్థం తెల్లనిది అని కాదు, నిగనిగలాడేది అని. నేరేడు పండు నిగనిగలాడదా?

అసలు చిక్కు మొదటి లక్షణంతో వస్తుంది. లోటు ఉన్నవి ఆ లోటు వల్లే వికారంగా ఉంటాయని అక్వినాసు అక్కడే రాశారు. మరి చూపు లేనివాళ్ళు, కాలు లేనివాళ్ళు, కాలిన గాయాలతో బతుకుతున్నవాళ్ళు? యాసిడ్ దాడులు పేపర్లో చదువుతూ పెరిగిన తరం ఇది. ఈ ప్రశ్నని దాటేసి అందం గురించి మాట్లాడితే అది కబుర్లే అవుతుంది.

జవాబు అదే పేరాలో, రెండు వాక్యాల అవతల ఉంది. ఒక ప్రతిరూపం, అంటే బొమ్మ, తాను చూపించే వస్తువు వికారమైనదైనా దాన్ని సరిగ్గా చూపిస్తే అందమైనదే అంటారు ఆయన. మాట ఎత్తింది సుతుని గురించి. సుతుడు తండ్రికి పూర్ణ ప్రతిరూపం గనుక ఆయనకి సౌందర్యం అన్న పేరు తగింది. ఇప్పుడు ఆదికాండంలోని ఇంకో వాక్యం పక్కన పెట్టండి. దేవుడు మనిషిని తన పోలికలో చేశాడు. బొమ్మ అందం అది ఎవరిని పోలి ఉందన్నదాన్ని బట్టే అయితే, మనిషిలో చూడాల్సిన లోటు కూడా ఆ పోలికలోనే. పొట్టితనమో, మచ్చో, గూనో ఆ లెక్కలోకి రావు. ఇంత దూరం అక్వినాసు అక్కడ విడమరిచి చెప్పలేదు, ఆయన రెండు వాక్యాలనీ కలిపి నేను చదువుతున్నాను. కానీ కతోలిక సంప్రదాయం నడిచిన దారి అదే. దేవుని పోలిక అచ్చంగా ఎవరిలో కనబడిందని అడిగితే అది చూపించేది ఒక సిలువని.

యెషయా గ్రంథం యాభైమూడో అధ్యాయం బాధామయ సేవకుని గురించి చెబుతూ, అతనికి చూడదగిన రూపం గానీ సొగసు గానీ లేవని, జనం ముఖం తిప్పుకున్నారని అంటుంది. పవిత్ర శుక్రవారం నాటి ఆరాధనలో చదివే పఠనం ఇదే. కానీ నలభైయయిదో కీర్తన ఒక రాజును నరులందరిలో సుందరుడని పొగుడుతుంది. రెండూ క్రీస్తు గురించేనని నమ్మిన తొలి శతాబ్దాల క్రైస్తవులకి ఇది పెద్ద తగాదా అయింది. యేసు చూడ్డానికి సామాన్యుడని, అందం లేనివాడని అనుకున్నవాళ్ళలో తెర్తుల్లియను లాంటి పెద్దలున్నారు. సెల్సస్ అనే అన్యమత తత్వవేత్త దాన్ని పట్టుకుని, మీ దేవుడు పొట్టివాడట, అనాకారి అట అని ఎగతాళి చేశాడు. జెరోము, క్రిసోస్తము అందగాడనే అన్నారు.

అగుస్తీను ఈ తగాదా తీర్చలేదు. ఆ రెండు వాక్యాలూ రెండు పిల్లనగ్రోవులు, ఊదే ఆత్మ ఒక్కటే అన్నారు. యోహాను మొదటి లేఖ మీద చేసిన ప్రసంగాల్లో ఆయన చెప్పిన సంగతి మన సామెతకి సరిగ్గా ఎదురు నిలబడుతుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అంటాం మనం. ప్రేమ ఉంటే లేని అందం కూడా ఉన్నట్టు కనిపిస్తుందని దానర్థం. అగుస్తీను లెక్క వేరు. వికారంగా ఉన్న మనల్ని దేవుడు ప్రేమించాడు, అందగాళ్ళని చేయడానికి ప్రేమించాడు. నీలో ప్రేమ ఎంత పెరిగితే అంత అందం పెరుగుతుంది, ఎందుకంటే ప్రేమే ఆత్మకి అందం. అంటే కాకి కళ్ళల్లో భ్రమ ఏమీ లేదు, నిజంగానే పిల్ల మారుతుంది. దేవవరప్రసాదం (దేవుడు ఉచితంగా ఇచ్చే కృప) అని సత్యోపదేశం క్లాసులో నేర్పే మాటకి నాకు తెలిసిన తేలికైన వివరణ ఇది.

ఇదంతా పుస్తకాల మాట. ఇటలీలో 1287లో మెతోలా కోటలో ఒక పాప పుట్టింది. చూపు లేదు, గూని, ఒక కాలు కురచ, ఎత్తు ఎదగలేదు. కలిగిన కుటుంబం. పరువు పోతుందని ఆ పిల్లను ఒక గుడి పక్కన గదిలో ఏళ్ళ తరబడి మూసి ఉంచారు. తరువాత చిత్తా ది కస్తెల్లో అనే ఊళ్ళో ఒక సమాధి దగ్గర స్వస్థతలు జరుగుతున్నాయని విని తీసుకెళ్ళారు. స్వస్థత జరగలేదు. అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు. ఆ ఊరి పేదవాళ్ళు ఆమెను ఇంటింటికీ మార్చుకుంటూ సాకారు. ఒక మఠంలో చేరితే అక్కడా నిలవనివ్వలేదు. చివరికి దోమినిక్ సన్యాస సభకి అనుబంధంగా మామూలు జనం చేరే మూడో శాఖలో చేరి, జైల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి, రోగుల దగ్గరికి తిరిగింది. కీర్తనలు కంఠతా వచ్చు. 1320లో ముప్ఫైమూడో ఏట చనిపోయింది. 2021 ఏప్రిల్ 24న ఫ్రాన్సిస్ పోపు గారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. పేరు మార్గరెట్. ఆ పేరుకి ముత్యం అని అర్థం.

మార్గరెట్ కథను ‘రూపం లేకపోయినా మంచి మనసు’ అని చెబితే పెద్దమ్మ ‘ఉన్నా’ మళ్ళీ దొడ్డిదారిన వచ్చేసినట్టే. ఆ ఊరివాళ్ళు ఆమె శరీరాన్ని ఏడొందల ఏళ్ళుగా భద్రంగా ఉంచుకున్నారు. వాళ్ళు మనసును ఉంచుకోలేదు. ఆ వంగిన ఒంటినే ఉంచుకున్నారు.

ఉత్థానం తరువాత కూడా యేసు చేతుల్లో గాయాలు అలాగే ఉన్నాయి, శిష్యుడు తోమాసుకు చూపించాడు. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల గాయాల గురించి అగుస్తీను ఇలాగే అంటారు. పరలోకంలో ఆ గుర్తులు వాళ్ళ ఒంటి మీద కనబడాలని మనకి అనిపిస్తుంది, బహుశా కనబడతాయి కూడా, అవి వికారం కావు, గౌరవం అని. బిడ్డను కన్న తల్లి పొట్ట మీది చారల గురించి ఆయన ఏమీ రాయలేదు గానీ, ఈ వాదన అంతవరకూ సాగుతుందనే నా నమ్మకం.

మరి పార్లర్ సంగతేమిటి? జవాబు అనుకున్నంత కఠినంగా లేదు. అక్వినాసు దీని మీద కూడా ఒక ప్రశ్న తీసుకున్నారు. పెళ్ళయిన ఆవిడ భర్త మెప్పుకోసం అలంకరించుకోవచ్చు. లేని అందాన్ని ఉన్నట్టు నటించడం వేరు, జబ్బు వల్లనో మరో కారణం వల్లనో వచ్చిన వికారాన్ని కప్పుకోవడం వేరు, రెండోది తప్పు కాదు. కీమో చేయించుకున్నాక విగ్గు పెట్టుకున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఆలోచిస్తే ఈ తేడా ఎంత దయ గలదో తెలుస్తుంది. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశం శరీరాన్ని, ఆరోగ్యాన్ని గౌరవించమంటుంది. శరీరాన్నే పూజించి, దాని కోసం సర్వం బలిపెట్టే ధోరణిని మాత్రం అన్యారాధన కిందే లెక్కగడుతుంది.

పునీతుల్లోనే రెండో కొస కూడా ఉంది, దాచడమెందుకు. పెరూ దేశపు లీమా నగరంలో పుట్టిన పునీత రోజా (1586–1617) అందరూ తన అందాన్ని పొగడటం భరించలేక ముఖానికి మిరియాలు రుద్దుకుందని ఆమె చరిత్రలు చెబుతాయి. నేను రోజాకి మొక్కుతాను గానీ ఆ మిరియాల దగ్గర మాత్రం ఆగిపోతాను. పునీతులు చేసిన ప్రతి పనీ అనుకరించమని శ్రీసభ చెప్పదు. ముఖం చెడగొట్టుకోవడం దేవుడిచ్చిన పనితనాన్ని చెడగొట్టడం కాదా అని సత్యోపదేశం క్లాసులో ఏ పిల్లైనా అడిగితే, ఆ పిల్ల వైపే ఉంటాను.

మన దగ్గర ముఖానికి రుద్దుకున్నది వేరు. దశాబ్దాల పాటు ఇంటింటా ఉన్న ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. తెలుపు పోయి మెరుపు వచ్చింది. తెలిసో తెలియకో ఆ కంపెనీ అక్వినాసు మాట దగ్గరికే వచ్చింది. కాకపోతే అది కళని ట్యూబులోంచి బయటి నుంచి పూస్తుంది.

అసలు కళ ఏ వైపు నుంచి వస్తుందన్నది మధ్యయుగపు వేదాంతులు ఇంకో చోట చెప్పారు. ఉత్థానమైన శరీరానికి నాలుగు వరాలుంటాయని వాళ్ళ లెక్క. వాటిలో ఒకటి మళ్ళీ క్లారితాస్. ఆత్మకున్న మహిమ పొంగి ఒంట్లోకి పొర్లుతుందట. గాజు పాత్రలో పోసినదాని రంగు గాజులోంచి బయటికి కనబడినట్టు, ఆత్మ మహిమ శరీరంలోంచి కనబడుతుందని పోలిక చెప్పారు. లాంతరు గ్లాసు తుడిచిన తరానికి ఇది ఇట్టే పట్టుబడుతుంది.

ఆ కళ ఇక్కడే, బతికుండగానే కాస్త కనబడుతుందని నమ్మకం. నమ్మకం అన్నాను గనుక జాగ్రత్త కూడా చెప్పాలి. 1969లో బీబీసీ వాళ్ళు కలకత్తాలో మదర్ తెరెసా నడిపే నిర్మల్ హృదయ్‌లో, చనిపోబోతున్నవాళ్ళు ఉండే చీకటి హాల్లో షూటింగ్ చేశారు. లైట్లు సరిపోవని కెమెరామన్‌కి అనుమానం. తీరా చూస్తే బొమ్మ మెత్తని వెలుగుతో వచ్చింది. విలేకరి మాల్కం మగ్గరిడ్జ్ అది అద్భుతమన్నాడు. కెమెరామన్ మాత్రం కోడాక్ వాళ్ళ కొత్త ఫిల్ము మహిమ అన్నాడు. నేను కెమెరామన్ పక్షం. ముడతలు పడిన మదర్ ముఖాన్ని చూసినవాళ్ళకి ఫిల్ముతో పనేముంది?

మన ఇళ్ళలోని పటాల్ని కూడా ఒకసారి చూడాలి. నీలికళ్ళ యేసు, పాలరాతి రంగు మరియమాత. ఐరోపా అచ్చుబొమ్మలు మనకి అలవాటు చేసిన ముఖాలివి. కానీ కతోలికులు మొక్కే మరియమాత రూపాలన్నీ తెల్లవి కావు. పోలండు వాళ్ళ చెస్తొహోవా మాత, స్పెయిన్‌లో మొంత్సెర్రాత్ మాత నల్లని తల్లులు. మెక్సికోలో 1531 నాటి గ్వాదలూపే మాతను అక్కడివాళ్ళు ముద్దుగా ‘చామనఛాయ తల్లి’ అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. మనవాళ్ళు రైళ్ళెక్కి వెళ్ళే వేలాంగణ్ణిలో అమ్మకి చీర కడతారు.

ప్రతి ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండకి లక్షల మంది ఎక్కుతారు. అక్కడ మొక్కేది లూర్దుమాతకి. తెల్లని వస్త్రం, నీలి దట్టీ, జోడించిన చేతులు, పైకెత్తిన చూపు. లోకమంతా తెలిసిన ఆ రూపాన్ని చెక్కింది లియోన్ నగరపు శిల్పి ఫబీష్, 1864లో, ఫ్రాన్సులోని లూర్దు గుహ కోసం. చెక్కే ముందు ఆయన బెర్నదెత్‌ను కూర్చోబెట్టి అన్నీ అడిగాడు. 1858లో పద్నాలుగేళ్ళ వయసులో ఆ గుహలో అమ్మను చూసిన పిల్ల ఆమె. మిల్లు నడిపి చితికిపోయిన ఇంటి పిల్ల, ఉబ్బసం, చదువు రాదు. మొదట్లో ఆమె మరియమాత అని కూడా అనలేదు, వాళ్ళ యాసలో ‘అది’ అనేది, చిన్నపిల్లలా ఉందనేది. మళ్ళీ చూడ్డానికి చచ్చిపోవాలనిపించేంత అందం అని తరువాత చెప్పింది.

విగ్రహం తయారై వచ్చింది. మేలైన పాలరాయి, తీరైన ముఖం, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఎలా ఉందని బెర్నదెత్‌ను అడిగారు. అందంగానే ఉంది, కానీ ఆమె కాదు అన్నదట.